ఓడ ఎక్కే ఈడేనా?

ఒక శనివారం రాత్రి భోజనాల వేళ మావారు చొక్కా జేబులోంచి నాలుగు మడతల రంగుల కాగితం తీసి పెరుగు గిన్నె పక్కన పెట్టారు. విప్పి చూస్తే తెల్లటి ఓడ! పన్నెండంతస్తుల మేడని పునాదులతో సహా పెకలించి సముద్రంలోకి తోసినట్టుంది. పైన ఈతకొలను, కొలనులోకి మెలికలు తిరిగిన జారుడుబల్ల, దాని మీంచి కేరింతలు కొడుతూ జారుతున్న ఇద్దరు పిల్లలు. సింగపూరులో ఎక్కటం, పెనాంగ్ దీవి చూడటం, మళ్ళీ సింగపూరులో దిగటం. మూడు రాత్రులు, నాలుగు పగళ్ళు.

"వేసవి సెలవుల్లో వెళదాం. ఏమంటారు?" అన్నారాయన, కొత్త చిత్రం ప్రకటిస్తున్న నిర్మాత లెవెల్లో.

ఇక్కడ మా ఇంటి తారాగణాన్ని పరిచయం చెయ్యాలి. మా అత్తయ్యగారు, మావారు, నేను. అమ్మాయికి పన్నెండో ఏడు నడుస్తోంది, జూన్ మొదటి వారంలో పన్నెండు నిండుతాయి. బుజ్జిగాడికి పదేళ్ళు. ఈ అయిదుగురిలో ఒక్కొక్కళ్ళకి ఓడంటే ఒక్కో సినిమా.

అత్తయ్యగారిది 'అందాల రాముడు'. 1973లో బాపు, రమణలు అక్కినేనిని, లతని, ఊరంత సంసారాన్ని లాంచీ ఎక్కించి గోదావరి మీద భద్రాచలం పంపించారు చూడండి, ఆ సినిమా. "నీళ్ళ మీద ప్రయాణమంటే అదీ! అందరూ ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకోవాలి. ఇంత మేడలో ఎవరు ఎవరికి కనిపిస్తారర్రా?" అన్నారావిడ.

మావారిది 'దిల్ ధడక్‌నే దో'. 2015లో వచ్చిన హిందీ చిత్రం. ఒక పెద్దింటి వాళ్ళు ముప్ఫయ్యో పెళ్ళిరోజు జరుపుకోవటానికి బంధువర్గాన్నంతా ఓడలో తీసుకెళతారు. ఆ భోజనాలు, ఆ దుస్తులు, ఆ నీలం సముద్రం ఆయన బుర్రలో అలాగే ఉండిపోయాయి. అదే ఓడలో ఆ కుటుంబం దెబ్బలాడుకున్న సంగతీ, చివరికి కొడుకు సముద్రంలోకి దూకేసిన సంగతీ మటుకు ఆయనకి గుర్తులేదు. మగవాళ్ళు సినిమాని అలా చూస్తారు మరి!

బుజ్జిగాడిది, మీరు ఊహించేసి ఉంటారు, 'టైటానిక్'. టీవీలో తెలుగులో చూశాడు. కాగితం చూడగానే వాడి మొహంలో వెలుగూ చీకటీ ఒకేసారి వచ్చాయి. "నాన్నా, మునిగిపోతే?" అన్నాడు.

అమ్మాయి ఏమీ అనలేదు. కాగితం వంక ఒకసారి చూసి, కంచం తీసుకుని లేచిపోయింది.

నిర్ణయం నాకొదిలేశారు. రెండేళ్ళుగా నెలనెలా కడుతున్న డిపాజిట్టు మేలో చేతికొస్తుంది. మళ్ళీ అంత డబ్బు ఎప్పుడు కూడుతుందో తెలియదు. అందుకని, కొనే ముందు చీర అంచు తిరగేసి చూసినట్టు, ఈ ఓడని కూడా తిరగేసి చూద్దామనుకున్నాను.

*

ఎవర్ని అడిగినా ఒకటే జవాబు: "పిల్లలకి భలేగా ఉంటుందండీ!" ఏ పిల్లలకి? అయిదేళ్ళ వాళ్ళకి ఇసుక గుట్ట చూపిస్తే చాలు, అక్కడే స్వర్గం. పదహారేళ్ళ వాళ్ళకి తోడు మరో పదహారేళ్ళ వాళ్ళుంటే చాలు, అమ్మానాన్నా లేకపోతే మరీ మంచిది. పదికీ పన్నెండుకీ మధ్యవాళ్ళ మాటేమిటి? మన సినిమావాళ్ళ నడగండి, చెబుతారు. బాలనటులకు అదే గడ్డుకాలం. చిన్నప్పటి హీరో వేషానికి ముదిరిపోయారంటారు, హీరో వేషానికి లేతంటారు. మూడునాలుగేళ్ళు ఎవరూ పిలవరు. ఇళ్ళల్లోనూ అంతే. వాళ్ళు చంకనెక్కనూ లేరు, చెయ్యి వదిలి నడవనూ లేరు.

ఓడలవాళ్ళు ఈ సంగతి కొంతవరకు కనిపెట్టారనే చెప్పాలి. పెద్ద ఓడల్లో పిల్లలకి వేరే గదులు, ఆటలు, ఆడించేవాళ్ళు ఉంటారు. వయసుని బట్టి జట్లు కడతారు. చాలా ఓడల్లో పదకొండేళ్ళ దాకా పిల్లల జట్టు, పన్నెండు నుంచి పదిహేడు దాకా కుర్రకారు జట్టు. లెక్కంతా ఓడ బయలుదేరే నాటి వయసు మీద. అంటే మే ఆఖరున వెళితే మా అమ్మాయి పిల్లల జట్టులో పెద్దది. జూన్ రెండో వారంలో వెళితే కుర్రకారు జట్టులో అందరికన్నా చిన్నది. రెండు వారాల తేడాలో అది ఎనిమిదేళ్ళ వాళ్ళతో బొమ్మలకి రంగులు వెయ్యనూ వచ్చు, పదిహేడేళ్ళ వాళ్ళ మధ్య నిలబడి చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక తికమక పడనూ వచ్చు.

ఇంకా కొన్ని తెలుసుకున్నాను. పనికొస్తాయని చెబుతున్నాను. నలుగురికి ఒకే గది తీసుకుంటే మూడో పడకా, నాలుగో పడకా చాలాసార్లు గోడలోంచి దింపే పై బెర్తులే, రైల్లో మాదిరి. తక్కువ ధర గదికి కిటికీ ఉండదు, దీపం ఆర్పితే పగలో రాత్రో తెలియదు. ఈతకొలను ఉంటుంది గాని, దాని దగ్గర కాపలా మనిషి అన్ని ఓడల్లోనూ ఉండడు. జూదశాలలోకి పిల్లల్ని రానివ్వరు, అది మంచిదే. ఒడ్డు దాటితే మన ఫోను మూగబోతుంది. ఓడలో ఇంటర్నెట్టు కావాలంటే చాలాచోట్ల విడిగా డబ్బు కట్టాలి. కనక "ఎక్కడున్నావు?" అని ఫోనులో అడిగే అలవాటు అక్కడ సాగదు. ఫలానా వేళకి ఫలానా మెట్ల దగ్గర కలవాలని పాతకాలంలో తిరునాళ్ళకి వెళ్ళినట్టు చెప్పుకోవాల్సిందే.

కడుపులో తిప్పటం సంగతి మరొకటి. ఊగిసలాటకి కడుపులో తిప్పటం ఎక్కువగా వచ్చేది రెండు నుంచి పన్నెండేళ్ళ లోపు వాళ్ళకేనట. మా బుజ్జిగాడు బస్సెక్కి ఊరి పొలిమేర దాటితే నిమ్మకాయ వాసన చూసేవాడే. ఓడ నడిమధ్యన, కింది అంతస్తుల్లో ఊపు తక్కువ. పుస్తకం, ఫోను పక్కన పెట్టి దూరాన ఆకాశం నీళ్ళని తాకేచోటు చూస్తూ కూచుంటే కాస్త నయం.

ఇక టైటానిక్. వాడి భయాన్ని "ఛ, ఏం కాదులేరా" అని కొట్టిపారెయ్యటం నాకిష్టం లేకపోయింది. పదేళ్ళవాడికి లెక్కలొస్తాయి కదా, లెక్కలే చెప్పాను. "1912 ఏప్రిల్లో ఆ ఓడలో 2200 మందికి పైగా ఉన్నారు. ప్రాణరక్షక పడవలు ఇరవయ్యే. వాటిలో పట్టేది 1178 మంది. పోయినవాళ్ళు 1500 మంది దాకా. ఆ ఘోరం చూశాకనే 1914లో పలు దేశాలు లండన్‌లో కూచుని ఓడల భద్రతకి నియమాలు రాసుకున్నాయి. 2012లో ఇటలీ దగ్గర కోస్టా కాంకార్డియా అనే విలాసనౌక రాతికి కొట్టుకుని ఒరిగిపోయి 32 మంది చనిపోయారు. అప్పుడే ఎక్కినవాళ్ళకి అపాయంలో ఏం చెయ్యాలో ఇంకా నేర్పలేదు. అందుకని 2015 నుంచి ఓడ కదిలే ముందో కదిలిన వెంటనేనో అందరికీ నేర్పి తీరాలన్నారు. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత. అది వినపడితే ఎక్కడున్నా చెప్పినచోటికి వెళ్ళి నిలబడాలి."

వాడు శ్రద్ధగా విన్నాడు. మర్నాటి నుంచి మా వంటింట్లో కుక్కరు కూసినప్పుడల్లా లెక్క పెట్టటం మొదలెట్టాడు. పప్పు నాలుగో కూతకి దింపేస్తానంటే ఒప్పుకోడే! "ఏడు రావాలమ్మా, ఏడు" అంటాడు. ఆ వారమంతా మేం తిన్నది పప్పు కాదు, పాయసం.

భయం పోయిందా? పోలేదు. కాని దానికో పనీ, ఓ లెక్కా దొరికాయి. ఆ ఈడు పిల్లలకి అదే కావాలనుకుంటాను.

*

అంతా బాగానే ఉందనుకున్న సమయంలో అమ్మాయి నోరు విప్పింది. రాత్రి నేను గిన్నెలు కడుగుతుంటే అది తుడిచి సర్దుతోంది.

"అమ్మా, ఓడలో తమ్ముణ్ణి నేనే చూసుకోవాలా?"

"చూసుకుంటే ఏం పోయిందే? పెద్దదానివి కదా!"

"అయితే నేను రాను. నాన్నమ్మ ఎలాగూ ఓడెక్కనంటోంది, నేనూ ఇక్కడే ఉంటా."

గొంతులో కోపం లేదు, ఏడుపు లేదు. కూడికలు చెప్పినట్టు చెప్పింది. "పెళ్ళిళ్ళకెళితే వాణ్ణి చూసుకునేది నేను. షాపుకెళితే నేను. తిరపతి క్యూలో నేను. అక్కడైతే కాసేపు బయటికి పోవచ్చు. ఓడలో ఎక్కడికీ పోవటానికి ఉండదు. నాలుగు రోజులూ నేనే."

నా చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది.

ఇక్కడ మీరు ఒక్క నిమిషం ఓపిక పట్టాలి. ఫ్లాష్‌బ్యాక్ చెప్పక తప్పదు.

1990 సంక్రాంతి సెలవులు. నాకు పదకొండేళ్ళు, మా తమ్ముడికి ఆరు. రాజమండ్రిలో లాంచీ ఎక్కి పాపికొండలు చూట్టానికి బయలుదేరాం. అమ్మ, నాన్న, పెద్దమ్మ వాళ్ళు, అందరం కలిసి పధ్నాలుగు మందిమి. లాంచీ ఎక్కగానే అమ్మ తమ్ముడి చెయ్యి తెచ్చి నా చేతిలో పెట్టింది. "పెద్దదానివి, వదలకు" అంది. నేను వదల్లేదు. రెండు గంటలు వదల్లేదు. తరవాత ఇసుకతిన్నె మీద కొంగలు కనిపిస్తే కమ్మీ పట్టుకుని వంగి చూశాను. అంతే. తిరిగి చూస్తే వాడు లేడు.

అరగంట వెతికారు. లాంచీ ఆపేశారు. మా పెద్దమ్మ నీళ్ళ వంక చూసి పెట్టిన కేక నాకిప్పటికీ వినిపిస్తుంది. చివరికి సరంగు వెనకాల, బియ్యం బస్తాల సందులో, ఇంజను వెచ్చదనానికి నిద్రపోతున్న తమ్ముణ్ణి ఎవరో ఎత్తుకొచ్చారు. అమ్మ వాణ్ణి గుండెకి హత్తుకుంది. రెండో చేత్తో నా చెంప మీద కొట్టింది. ఒక్కటే దెబ్బ. అమ్మ నన్ను కొట్టటం అదే మొదలు, అదే ఆఖరు. ఆ రోజు నేను పాపికొండలు చూడలేదు. లోపల బల్ల మీద కూచుని తమ్ముడి చొక్కా అంచు పిడికిట్లో పట్టుకునే ఉన్నాను. కొండలు రావటం, పోవటం రెండూ పెద్దవాళ్ళ మాటల్లో విన్నాను.

ఇన్నేళ్ళూ నీళ్ళంటే భయం కాబట్టి ఓడ ప్రయాణం నాకు వద్దనిపిస్తోందని అనుకున్నాను. ఆ రాత్రి తెలిసింది, నాకున్న భయం నీళ్ళది కాదు, ఆ మాటది. అదే మాట, అక్షరం పొల్లు పోకుండా, నా నోట్లోంచి నా కూతురికి చెప్పాను. "పెద్దదానివి కదా!"

మర్నాడు తమ్ముడికి ఫోను చేశాను. వాడిప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి. "లాంచీలో నువ్వు తప్పిపోయావు, గుర్తుందిరా?" అన్నాను.

"ఏ లాంచీ అక్కా?" అన్నాడు.

తప్పిపోయినవాడికి గుర్తులేదు! కాపలా కాసినదానికి ముప్ఫయ్యయిదేళ్ళు గుర్తుంది.

*

సినిమాలో కొత్తవాళ్ళని తీసుకునే ముందు స్క్రీన్ టెస్టు చేస్తారు కదా! మేమూ అలాగే చేద్దామన్నాను. పెద్ద ఓడకి డబ్బు కట్టే ముందు ఒక్కరోజు లాంచీ. సంక్రాంతికి ఎలాగూ అత్తయ్యగారి పుట్టిల్లు రాజమండ్రి వెళుతున్నాం. పిల్లలు నీళ్ళ మీద ఎలా ఉంటారో, మేం ఎలా ఉంటామో తెలిసిపోతుంది.

గోదావరి అనగానే ఇంట్లో ఒక్క క్షణం అందరం మాట్లాడలేదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర జరిగింది ఎవరం మరిచిపోతాం? వరద గోదావరిలో పర్యాటకుల బోటు తిరగబడింది. డెబ్బై మందికి పైగా ఎక్కితే 26 మందే ఒడ్డుకి చేరారు. పిల్లల్ని తీసుకుని సరదాగా బయలుదేరిన కుటుంబాలు. ఆ బోటుని అడుగు నుంచి పైకి తియ్యటానికే నెల దాటింది. కనక నది మీద సరదా అన్నప్పుడు ముందు అడగవలసింది భోజనం మెనూ కాదు, నది ఎలా ఉందని. వానాకాలంలో వద్దు. వరద తగ్గి నీరు నెమ్మదించిన జనవరిలో వెళదాం. ఒంటి మీద లైఫ్ జాకెట్టు లేకుండా కాలు పెట్టం. సరంగు ఈ వేళ కాదంటే ఇంటికి తిరిగొచ్చేద్దాం. ఇవి నేను పెట్టిన షరతులు.

ఇంకో షరతు మావారికి మాత్రమే చెప్పాను. "బుజ్జిగాడు ఆ రోజు మనిద్దరి పూచీ. గంట మీరు, గంట నేను. కాల్‌షీట్లు రాసుకుందాం. అమ్మాయికి ఏ పనీ చెప్పకూడదు."

"మరి నాలుగు పగళ్ళూ ఓడలో నాకూ ఇదేనా?" అన్నారాయన, కళ్ళముందు నీలం సముద్రం కరిగిపోతున్నట్టు.

"ఇదే. ఒప్పుకుంటేనే ఓడ."

పోలవరం కట్టడం మొదలయ్యాక రాజమండ్రి రేవులో ఎక్కితే పాపికొండలకి పోవటం కుదరదు. తెల్లవారకుండా కారులో ఎగువకి పోయి గండిపోశమ్మ గుడి దగ్గర ఎక్కాం. నది మీద పొగమంచు. ఆరెంజి రంగు జాకెట్లు తొడుక్కుని అందరం బత్తాయి బస్తాల్లా ఉన్నాం. అత్తయ్యగారు జాకెట్టు మీంచి శాలువా కప్పుకుని, "అందాల రాముడిలో ఇవి లేవే!" అని సణిగారు గాని, తియ్యనివ్వలేదు నేను.

మొదటి గంట మావారి కాల్‌షీటు. బుజ్జిగాడు సరంగు దగ్గరికి పోయి, "మీ బోటుకి ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వస్తాయా?" అని అడిగాడు. సరంగు నవ్వాడు గాని, హారను ఒక్కసారి కొట్టనిచ్చాడు. మావాడికి ఆ రోజుకి అది చాలు.

రెండో గంట నాది. అమ్మాయి పై డెక్కుకి పోయింది. ఒక్కతే. నాకు గుండె గుబగుబలాడింది గాని, నోరు మూసుకున్నాను. కింద మైకు పెట్టి సినిమా పాటలకి డాన్సులు మొదలెట్టారు. అందర్నీ లేచి ఎగరమంటున్నారు. పన్నెండేళ్ళ పిల్లని పదిమందిలో డాన్సు చెయ్యమనటం కన్నా శిక్ష లేదు. అందుకే అది పైకి పారిపోయిందని నాకు అప్పుడర్థమైంది.

పేరంటపల్లి చూసి తిరిగొచ్చేటప్పుడు భోజనాలు. ఆ తరవాత ఎవరి గంట ఎవరిదో మేమిద్దరం మరిచిపోయాం. నిజం చెబుతున్నాను, మరిచిపోయాం. ఆయన నాదనుకున్నారు, నేను ఆయనదనుకున్నాను. తీరా చూస్తే వాడు పక్కన లేడు.

చేతుల్లో చెమట పట్టింది. మెట్లెక్కి పైకి పరిగెత్తాను. అమ్మాయి ఒక మూల ఎవరో తన ఈడు పిల్లతో కూచుని కబుర్లు చెబుతోంది. "ఏడే వాడు? నీకు చెప్పలేదూ..." అని అరిచేశాను.

అరిచాక నాకే వినిపించింది. చెప్పలేదు. నేనేమీ చెప్పలేదు. చెప్పకూడదనే కదా వచ్చింది!

అమ్మాయి మొహం ఎర్రబడింది. ఒక్క క్షణం నా వంక చూసి, నెమ్మదిగా అంది: "కింద నాన్నమ్మ దగ్గరున్నాడు. కడుపులో తిప్పుతోందని పడుకున్నాడు. నిమ్మకాయ ఇచ్చొచ్చాను."

కిందికి పోయి చూస్తే అంతే. నాన్నమ్మ ఒళ్ళో తల, ముక్కు దగ్గర నిమ్మకాయ, కాళ్ళ మీద శాలువా. నేను మళ్ళీ పైకెక్కాను. ఆ కొత్త పిల్ల ఎదుటే అమ్మాయితో, "అరిచినందుకు తప్పు నాదేనే. వాణ్ణి చూసుకోవలసింది నేను" అన్నాను.

"తెలుసు" అంది అది. కాస్సేపాగి, "కూచో అమ్మా. కొండలు దగ్గరికొస్తున్నాయి" అంది.

కూచున్నాను. రెండు కొండల మధ్యకి నది సన్నగా ఒదిగి, మెలిక తిరిగి, మా ముందే తలుపు తీసినట్టు విచ్చుకుంది. ముప్ఫయ్యయిదేళ్ళు ఆలస్యంగా నేను పాపికొండలు చూశాను.

సాయంత్రం దిగాక అడిగాను: "ఆ పిల్ల ఎవరే? ఏ ఊరు? పేరేమిటి?"

"పేరు అడగలేదమ్మా" అంది, అదొక ప్రశ్నా అన్నట్టు. మూడు గంటలు కబుర్లు చెప్పుకుని పేరడగలేదు! పదకొండేళ్ళంటే అదన్నమాట.

*

ఓడ ఈ ఈడు పిల్లలకి సరిపడుతుందా అని నేను మొదలెట్టాను. సరిపడవలసింది మేమని తెలుసుకున్నాను. అంతంత ఓడలో జారుడుబల్ల ఎన్ని అంతస్తులదైనా, అమ్మ నోట్లో "పెద్దదానివి" అన్న మాట ఉన్నంతసేపూ పెద్ద పిల్లకి అది సెలవు కాదు, ఉద్యోగం. అలాగని ఏ పనీ చెప్పకపోతే తమ్ముణ్ణి గాలికొదిలేస్తుందనీ కాదు. నిమ్మకాయ ఇమ్మని దానికెవరు చెప్పారు? చెప్పి చేయించుకుంటే కాపలా, తనంతట తను చేస్తే ప్రేమ.

కనక మా ఇంట్లో ఇలా నిర్ణయమైంది. ఓడ ఎక్కుతున్నాం. మూడు రాత్రులే, అంతకు మించి వద్దు. కడుపులో తిప్పేవాడి కోసం నడిమధ్య గది, కాస్త ఎక్కువైనా కిటికీ ఉన్నది. ఆయనకీ నాకూ కాల్‌షీట్లు, ఈసారి కాగితం మీద, గడియారం చూసుకుని. ఈతకొలను దగ్గర మాలో ఒకరు లేకుండా బుజ్జిగాడు దిగడు. పిల్లల జట్టులోంచి సొంతంగా బయటికి రావటానికి కొన్ని ఓడల్లో అమ్మానాన్నలు సంతకం పెట్టాలి. అలాంటి కాగితమొస్తే అమ్మాయికి సంతకం పెడతాం, వాడికి పెట్టం. వాడు పేచీ పెట్టాడు. "నీకు పన్నెండొచ్చినప్పుడు" అన్నాం. అత్తయ్యగారు రానన్నారు. "నేను నా ఓడ ఎక్కేశాను. మీది మీరెక్కండి" అన్నారు. ఆ నాలుగు రోజులూ ఆవిడకి తోడుగా మా ఆడపడుచు వచ్చి ఉంటుంది.

మిగిలింది తేదీ. అది అమ్మాయినే తేల్చమన్నాం. మే ఆఖరా, జూన్ రెండో వారమా? పిల్లల జట్టా, కుర్రకారు జట్టా? కుర్రకారే అంటుందని మావారు పది రూపాయల పందెం కాశారు. నేనూ లోపల అదే అనుకున్నాను.

రెండు రోజులు ఆలోచించింది. మూడో రోజు పొద్దున స్కూలు సంచీ భుజాన వేసుకుంటూ గుమ్మంలో ఆగింది.

"మేలోనే వెళదామమ్మా."

"అదేమే? ఎనిమిదేళ్ళ వాళ్ళతో ఆడతావా?"

"ఆడతా. జూన్ నుంచి ఎలాగూ పెద్దదాన్నేగా! ఆ నాలుగు రోజులూ చిన్నపిల్లగా ఉంటే ఏం పోయింది?"

అనేసి వెళ్ళిపోయింది. వంటింట్లో కుక్కరు కూస్తోంది. బుజ్జిగాడు వేళ్ళు మడిచి లెక్క పెడుతున్నాడు. నాలుగు, అయిదు, ఆరు... ఆ పూట దింపటానికి నాకు మనసు రాలేదు. ఏడు కూయనిచ్చాను.